దేవుడి గూట్లో ఆరని బల్బు

మా రైల్వే క్వార్టరుకు పెంకుల కప్పు. వాన వెలిసిన మర్నాడు ఆ పెంకుల మీద పిల్లి నడిచినా నాకు గుండెల్లో దడ. అలాంటిది, మా ఆయనే ఎక్కుతానన్నారు.

కోతులు డిష్షు తీగను కొరికి పారేశాయి. టీవీ పెడితే నీలం తెర తప్ప ఏమీ రావడం లేదు. మాకైతే అది పెద్ద లోటు కాదు. మా అత్తగారి సంగతి వేరు. పెళ్ళయి బిలాస్‌పూర్ వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకు హిందీ వంటబట్టలేదు. మోకాళ్ళు పట్టేసి గుమ్మం దాటలేని మనిషి. పొద్దుటే తెలుగు ఛానల్లో వచ్చే స్వామి సేవే ఆవిడకు గుడి. అది ఆగిపోయాక కాఫీ గ్లాసు కూడా సగం తాగి పక్కన పెట్టేస్తున్నారు. మెకానిక్కుకు ఫోన్ చేస్తే, రాజ్‌కిశోర్ నగర్‌లో పని మీదున్నాను, వానలు తగ్గాక వస్తానన్నాడు. దాంతో ఆయన తోర్వా బజారుకు వెళ్ళి కొత్త తీగ చుట్ట కొనుక్కొచ్చి, పెరటి గోడకు నిచ్చెన వేశారు.

ఆయన పనిచేసేది కరెంటు ఇంజన్ల షెడ్డులో. అక్కడ ఇంజను పైకెక్కే మనిషి ముందు కరెంటు ఆపి, ఆ తాళంచెవి తన దగ్గరే ఉంచుకుని ఎక్కాలట. కింద ఎవరూ తెలియక కరెంటు ఇవ్వకుండా అన్నమాట. ఇంట్లోనూ ఆయనకు అదే పద్ధతి. మీటరు బోర్డులోంచి ఫ్యూజులు రెండూ పీకి, వంగినప్పుడు జేబులోంచి జారిపోతాయని నా చేతికిచ్చారు.

"కొంగున ముడెయ్యి. ఎవులడిగినా ఇవ్వకు. నేను కిందకి దిగి నా నోటితో అడగాల, అప్పుడే ఇయ్యాల."

నా ముఖం చూసి నవ్వారు కూడా. కరెంటే లేనప్పుడు ఇంక భయమేటి అన్నారు. పైన మనిషి ఉండగా కింద నుంచి కేకెయ్యకూడదని మాత్రం మరోసారి చెప్పారు. ఉలిక్కిపడి తిరిగితే కాలు జారుతుంది. షెడ్డులో ఒకాయన అలాగే పడి నడుం విరగ్గొట్టుకున్న సంగతి నాకు ఎప్పుడో చెప్పారు. ఆ రోజు మళ్ళీ గుర్తు చెయ్యకపోతే బాగుండుననిపించింది.

ఆయన పైకి వెళ్ళారు. పెంకు కిర్రుమన్నప్పుడల్లా నేను కొంగు ముడిని ఇంకాస్త బిగించాను. నోట్లో స్వామి నామం నడుస్తూనే ఉంది. ఇంతలో అత్తగారు మంచినీళ్ళడిగితే లోపలికి వెళ్ళాను. ఫాను ఆగిపోయి ఉంది. ఫ్రిజ్జు చప్పుడు లేదు. ఇల్లంతా మసగ్గా ఉంది. దేవుడి గూట్లో మాత్రం ఎర్ర బల్బు వెలుగుతోంది.

అలవాటుగా చేతులెత్తి దణ్ణం పెట్టేశాను. చేతులు దించుతుంటే తట్టింది. ఫ్యూజులు నా కొంగునుండగా ఆ బల్బు ఎలా వెలుగుతోంది?

అప్పుడు గుర్తొచ్చింది. ఒక ఎండాకాలం మా లైను మాటిమాటికీ పోయేది. గూట్లో దీపం ఆరకూడదని అత్తగారి పట్టు. పక్క క్వార్టరు వదినది వేరే లైను. బల్బుకెంత కాలుతుందమ్మా, మా ఇంట్లోంచి లాక్కోండి అందావిడ. ఈయనే కప్పు మీదుగా వైరు లాగి, ఎలాగూ అటే పోతోంది కదా అని డిష్షు తీగతో కలిపి కట్టేశారు. ఆ తర్వాత ఆ బల్బు ఎప్పుడూ ఆరలేదు. ఆరని దీపానికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందో ఇంట్లో అందరం మరిచిపోయాం.

పక్కింటికి పరుగెత్తాను. తాళం. వదిన ఉస్లాపూర్‌లో కూతురింటికి వెళ్తానని పొద్దున్నే చెప్పింది. వాళ్ళ బోర్డు లోపల ఉంది.

పెరట్లోకొచ్చి తలెత్తాను. ఆయన తడి పెంకుల మీద గొంతుక్కూర్చుని, ఆ తీగల కట్ట మీదికి వంగి ఉన్నారు. చేతిలో కటింగ్ ప్లేయరు. కేక గొంతు దాకా వచ్చింది. చీర కుచ్చిళ్ళు గుప్పిట పట్టుకుని ఆ కేకను మింగాను. అరిస్తే పడిపోతారు. అరవకపోతే ఆ కరెంటు వైరు కోస్తారు.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న రైల్వే గేటు మనిషి. గేటు పక్క గదిలోనే నాకు పలక మీద అక్షరాలు దిద్దించారు. అక్షరాలతో పాటు బండి సైగలూ నేర్పారు. చేతిలో జెండా లేకపోతే రెండు చేతులూ నిటారుగా పైకెత్తి నిలబడాలి, అది చూసిన డ్రైవరు బండి ఆపి తీరాలి. అదొక్కటే తోచింది. ఆయన కంటికి ఎదురుగా వచ్చేలా జామచెట్టు అవతలికి వెళ్ళి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను.

ఆయన చూడలేదు. కట్ట విప్పుతూ ఒక తీగను వేలితో వేరు చేస్తున్నారు. స్వామీ, ఒక్కసారి తలెత్తించు అనుకున్నాను. భుజాలు లాగేస్తున్నాయి. చేతులు దించడానికి మాత్రం ప్రాణం ఒప్పలేదు.

తెగిన కట్టుతీగ ముక్కను కింద పడెయ్యడానికి ఆయన ఇటు తిరిగారు. నన్ను చూశారు. ఏమీ అడక్కుండా ముందు చేతులు వెనక్కి తీసుకున్నారు. ప్లేయరు పక్కన పెట్టారు. ఆ తర్వాతే నోరు విప్పారు.

"ఏటి?"

"గూట్లో బల్బు వెలుగుతోందండి."

ఆయన ఆ కట్ట వైపు ఒక్కసారి చూశారు. తర్వాత పాక్కుంటూ నిచ్చెన దాకా వచ్చి, మెట్టు మెట్టుకూ ఆగి దిగారు. దిగి చాకిరేవు బండ మీద కూలబడ్డారు. కోతులు ఆ వైరును కూడా కొరికి రాగి బయటపెట్టాయట. తన చెయ్యి బెత్తెడు దూరంలో ఉందని ఎటో చూస్తూ చెప్పారు. మా నాన్నకీ, నీళ్ళడిగిన అత్తగారికీ, ఆ ఎర్ర బల్బుకీ లోలోపలే దణ్ణాలు పెట్టుకున్నాను.

మధ్యాహ్నం దాటాక వదిన వచ్చి, విషయం విని, చెప్పులతోనే లోపలికి పరుగెత్తి మెయిను కట్టేసింది. గూట్లో బల్బు ఆరిపోయింది.

"దీపం కొండెక్కిపోయిందేటే కోడలా?" అని అత్తగారు మంచం మీంచి లేవబోయారు.

నూనె దీపం వెలిగిస్తానని చెప్పి కూర్చోబెట్టాను. అగ్గిపుల్ల గీసే ముందు కాసేపు ఆ చీకటి గూటినే చూస్తూ నిలబడ్డాను. అది చీకటిగా ఉన్నందుకు సంతోషించడం ఆ ఒక్కరోజే.

ఆయన మళ్ళీ ఎక్కారు. బల్బు వైరు మొత్తం ఊడదీసి, కొత్త డిష్షు తీగ లాగి, వెలుగుండగానే దిగారు. నేను జామచెట్టు దగ్గర్నుంచి కదలలేదు. చేతులు కడుక్కుని నా ఎదురుగా వచ్చి చెయ్యి చాపారు.

"నా నోటితో అడుగుతున్నాను. ఇయ్యి."

పొద్దుట్నుంచీ బిగించి బిగించి ముడి రాయిలా తయారైంది. నా వేళ్ళకు లొంగలేదు. ఆయనే విప్పుకున్నారు. విప్పుతున్నంతసేపూ నేను ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాను.