కంప్యూటరుకు పెట్టిన బొట్టు

నరసరావుపేటలో మా మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్‌కి కంప్యూటర్ వచ్చినప్పుడు దాని ముందు కూర్చునే ఉద్యోగం నాకు ఇచ్చారు. టైపు హయ్యర్ పరీక్ష పాసైన వాళ్లు నాకంటే ముందు చాలామందే ఉన్నారు. "ఈ పిల్ల నోరు మెదపదు, దేన్నీ కెలకదు" అని మాస్టారు నన్ను ఎంచుకున్నారు. అది పొగడ్తే అనుకుని డైరీలో రాసుకున్నాను.

మా ఊరు రొంపిచెర్ల అవతల. పేటలో మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. ఇన్‌స్టిట్యూట్‌కీ అత్త ఇంటికీ మధ్య దారిలో రెండు బీరువాల గ్రంథాలయం ఉండేది. నాకు పేట మీద ఉన్న ప్రేమంతా ఆ రెండు బీరువాల మీద ప్రేమే గాని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాన్న మాత్రం తేల్చి చెప్పాడు: "దసరా ఎళ్లిందాకా చూద్దాం. ఆ పెట్టెతో పనుంటే ఉండు. లేకపోతే ఇంటికొచ్చెయ్."

పని ఉంటుందా లేదా అన్నది పత్తి మిల్లు షావుకారు గారి చేతుల్లో ఉంది. పండగ వెళ్లాక వచ్చి చూస్తానని, తన కళ్ల ముందు బిల్లు అచ్చు కొట్టి చూపిస్తే మిల్లు బిల్లులన్నీ మాకే ఇస్తానని అన్నాడు. కొట్టలేకపోతే మాస్టారు పెట్టెను గుంటూరులో కొన్న చోటే తిరిగి ఇచ్చేస్తారు. నేను రొంపిచెర్ల బస్సు ఎక్కుతాను.

ఆయుధపూజ రోజు టైపు మిషన్లన్నిటినీ గోడవారన వరసగా పెట్టి, మాస్టారి భార్య పసుపు కుంకుమలతో పూజ చేసింది. ఆమెను మేమంతా పిన్నిగారు అని పిలిచేవాళ్లం. పూజలో పెట్టిన పనిముట్టును పండగ వెళ్లేదాకా ముట్టుకోకూడదని ఆమె పట్టుదల. కంప్యూటరుకు బంతిపూల దండ వేసి, గంధం, కుంకుమ అద్ది, నైవేద్యంగా చక్రపొంగలి పెట్టింది. ఆ గదిలో పొంగలి తినకుండా ఊరుకున్నది అదొక్కటే.

పండగ వెళ్లింది. షావుకారు గారు వస్తానన్న రోజు పొద్దున్నే నేను స్విచ్చి వేశాను. ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది. తెర మీద మాత్రం రోజూ వచ్చేది రాలేదు. లోపలి బ్యాటరీ నీరసించిందనీ, తన వివరాలన్నీ మరిచిపోయాననీ, డిలీట్ మీట నొక్కి సెటప్‌లోకి వెళ్లి మళ్లీ చెప్పమనీ ఇంగ్లీషులో రాసి నిలబడిపోయింది. నొక్కాను. ఏమీ కాలేదు.

మాస్టారు వచ్చి చూసి మొహం ముడుచుకున్నారు.

"డిలీట్ అంటే చెరిపెయ్యటం గదమ్మా! నొక్కితే మొత్తం తుడిచిపెట్టుకుపోద్దేమో?"

"నొక్కాను సార్," అన్నాను, నాకే వినపడనంత గొంతుతో.

"నొక్కావా? ఏమైంది?"

"ఏం కాలేదు సార్."

"అయితే నువ్వు గట్టిగా కొట్టలేదు." ముప్పై ఏళ్లు పాత టైపు మిషన్ల మీద వేళ్లు అరగదీసిన మనిషి. చూపుడువేలు ఎత్తి ఆ మీట మీద ఒక్కటేశారు. బల్ల మీద కాఫీ గ్లాసు ఎగిరింది గాని తెర కదలలేదు. టైపు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు తమ మిషన్లు ఆపి చుట్టూ మూగారు. పక్క కొట్లో రేడియోలు బాగుచేసే ఆయన వచ్చి, కీబోర్డును తిరగేసి వీపు మీద చరిచాడు. రెండు బంతిరేకులు రాలాయి. "ఇంగేం లేదు, పూలు అడ్డం పడ్డయ్," అని తేల్చాడు. మళ్లీ నొక్కాం. అడ్డం పడ్డవి పూలు కావని తేలింది.

గుంటూరుకు ట్రంక్ కాల్ బుక్ చేశారు. లైను దొరికేసరికి మాస్టారు చొక్కా తడిసిపోయింది. కంప్యూటర్ అమ్మినాయన అవతలి నుంచి అరుస్తున్న మాటలు గదిలో అందరికీ వినపడుతున్నాయి.

"స్విచ్చి వేస్తూనే డిలీట్ నొక్కండి మాస్టారూ!"

"నొక్కుతూనే ఉన్నామండీ. పొద్దుటి నుంచి అదే పని!"

"ఏ మీటా పనిచేయట్లేదా? ముందు వైపు తాళం గాని వేశారా?"

"తాళమేస్తే అసలు స్టార్టే కాదు గదండీ! నా స్కూటరు అంతే. ఇది బ్రహ్మాండంగా స్టార్టయింది."

"స్కూటరు కాదు సార్ అది! తాళమేస్తే మీటలు ఒక్కటే పనిచేయవు. తీసి చూడండి." సెటప్‌లో డిస్కు రకం అని అడిగే చోట ఏ అంకె వెయ్యాలో కూడా చెప్పాడు. మాస్టారు దాన్ని నల్లబల్ల మీద రాస్తుండగానే లైను తెగింది.

అందరం తాళం వెతికాం. పెట్టె ముందు ఎక్కడా తాళం లేదు. పండగకు ముందు నేను రోజూ తుడిచేటప్పుడు అక్కడ గుండ్రటి రంధ్రం ఉండేది, నాకు బాగా గుర్తు. ఇప్పుడు ఆ చోట, రూపాయి బిళ్లంత గంధం, దాని నడుమ ఎర్రటి కుంకుమ ఉన్నాయి. చక్కగా, నుదుటి మీద పెట్టినట్టే.

నాకు అర్థమైంది. అర్థమైనంత సులువుగా నోరు రాలేదు. అది పూజ బొట్టు. తనంతట తాను రాలిపోవాలే గాని ఎవరూ చెరపకూడదని పిన్నిగారు పిల్లలందరినీ హెచ్చరించి ఉంది. ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది. నా సంచిలో, తిరిగి ఇచ్చేయాల్సిన గ్రంథాలయం పుస్తకం ఉంది. దాన్ని చేత్తో తడిమి చూసుకున్నాను.

"పిన్నిగారూ, ఆ బొట్టు తుడవాలండీ!"

గదిలో అంతా నా వైపు తిరిగారు. నేను అంత గట్టిగా అరిచానని అప్పుడు తెలిసింది.

"ఏమే, పిచ్చిగాని పట్టిందా? అమ్మవారి బొట్టు తుడుస్తావా?"

"దాని కింద తాళం ఉందండీ."

"ఉంది. నేనే ఏశా. పూజలో కూర్చున్నదాన్ని ఎవురైనా ముట్టుకుంటే?" అని ఆమె నడుముకున్న గుత్తిలోంచి గొట్టంలాంటి చిన్న తాళంచెవి ఎత్తి చూపించింది. "నన్ను ఎవురన్నా అడిగితే గదా!"

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "మరి బొట్టు దాని మీదే ఎందుకు పెట్టావే?"

"పెట్టెంతా నాలుగు పలకలే. గుండ్రంగా, నుదురులాగ కనపడింది అదొక్కటే."

కింద వీధిలో షావుకారు గారి జీపు ఆగిన చప్పుడైంది. పిన్నిగారు కాసేపు ఆలోచించి, గంధం గిన్నె తెప్పించి, పక్కన కొత్త బొట్టు పెట్టింది. "ఇది పెట్టినాక అది తీసినా దోషం లేదు," అని తానే తడిగుడ్డతో పాతది తుడిచింది. గంధం రంధ్రంలోకి దిగి ఎండిపోయి ఉంది. నా జడలోని పిన్ను తీసి తవ్వాను. తాళంచెవి ఒకసారి మొరాయించి, తిరిగింది.

మళ్లీ స్విచ్చి వేసి, డిలీట్ మెల్లగా నొక్కాను. సెటప్ తెర వచ్చింది. నల్లబల్ల మీదున్న అంకె వేశాను. షావుకారు గారు మెట్లెక్కి వచ్చేసరికి తెర మీద ఎప్పటిలాగే అన్నీ వచ్చాయి. బిల్లు కొట్టాను. ఆయన దాన్ని వెలుగుకేసి పెట్టి చూసి, పెద్దగా మెచ్చుకోలేదు. కళ్లు మాత్రం పెట్టెకు వేలాడుతున్న తాళంచెవి మీద పడ్డాయి.

"దీనికి తాళం కూడా ఉందా?"

"ఉందండీ," అన్నారు మాస్టారు నీరసంగా. "చానా గట్టి తాళం. వేస్తే మాక్కూడా తెరుచుకోలేదు."

"అట్టా చెప్పరేం! నా లెక్కలు నా బావమరిదికి కనపడకుండా ఉంటే చాలు." ఆయన పిన్నిగారి వైపు తిరిగాడు. "చెవి మాత్రం ఈ అక్కయ్య దగ్గరే ఉండాల."

"నా దగ్గరే ఉంటది," అంది పిన్నిగారు, చెవి బయటికి లాగి గుత్తి నడుముకు దోపుకుంటూ.

అప్పటి నుంచి ఆ పెట్టె తెరవాలంటే పొద్దున్నే పిన్నిగారిని బతిమాలుకోవాల్సి వచ్చేది. పూజ అయ్యేదాకా చెవి ఇచ్చేది కాదు.

ఆ సాయంత్రం గ్రంథాలయంలో పుస్తకం తిరిగి ఇచ్చాను. కొత్తది తీసుకుంటుంటే లైబ్రేరియన్ గారు, "ఊరెళ్తున్నానన్నావుగా?" అని అడిగారు. నేను అప్పుడు కూడా గట్టిగానే, "లేదండీ," అన్నాను. చదువుకుంటున్న ముసలాయన ఒకరు ఉలిక్కిపడి, పేపరు దించి చూశారు.