అర్బాబు నడుముకి ఏ రివాల్వర్?

ఆ రోజుల్లో దుబాయ్ వెళ్ళినవాడు ఏ పనికని వెళ్ళాడో ఆ పనే చేస్తాడనుకోవడం మా సిరిసిల్ల వైపువాళ్ళ అమాయకత్వం. నేను వెళ్ళింది దర్జీగా, అదీ ఫుజైరాకి (ఊళ్ళో మాత్రం దుబాయ్ అనే చెప్పుకున్నాం). అర్బాబు, అంటే నన్ను రప్పించుకున్న కఫీల్, కూలీల యూనిఫారాలతో మొదలుపెట్టి జీపు సీట్లు, గుడారాలు, చివరికి డేగ కళ్ళకు తొడిగే టోపీ దాకా నాచేత కుట్టించాడు. ఏదడిగినా "మాలూమ్" అనేవాణ్ణి. తెలియదన్నవాణ్ణి మర్నాడే విమానం ఎక్కిస్తారని బొంబాయి ఏజెంటు నూరిపోసి పంపాడు మరి.

రెండేళ్ళు నిండాయి. నేను వచ్చాక పుట్టిన కూతురు నడక కూడా నేర్చిందని ఉత్తరం వచ్చింది. సెలవు కాగితం మీద సంతకం కోసం వెళ్తే, అర్బాబు బల్ల మీద నా పాస్‌పోర్టు పక్కనే రెండు రివాల్వర్లు ఉన్నాయి. కొండల్లో ఆయన మేకల్ని తోడేలు ఎత్తుకుపోతోందట. తుపాకులమ్మే స్నేహితుడు రెండూ పంపి, నచ్చింది ఉంచుకోమన్నాడట. ఒకటి మూరెడు, ఇంకోటి జానెడు. రెండింటి గొట్టంలోనూ నా చిటికెన వేలు దూరేలా ఉంది. ఏది మంచిదో చెప్పి, దానికి తోలు ఒర కుట్టమన్నాడు. బందూక్ సంగతి తెలుసా అని అడిగేసరికి నా నోరు నన్నడక్కుండానే "మాలూమ్" అనేసింది.

పక్కనే ఉన్న డ్రైవర్ బాబాయి (రాజోలు ఆయన, మా అందరికీ పెద్దదిక్కు) తెలుగులో గొణిగాడు. "పొడుగుదే చెప్పరా అబ్బాయ్. ఆయన మనసు దానిమీదే ఉంది."

పొడుగుదని చెప్పాక గురి తప్పితే తప్పు నాది. పొట్టిదంటే ఆయనకు కోపమొచ్చి సంతకం ఎగిరిపోవచ్చు. ఎంత ఆలోచించినా ఏ జవాబుకి సెలవు దొరుకుతుందో తేలలేదు. ఏమీ తోచనప్పుడు దర్జీ చేసేది ఒక్కటే, టేపు తీశాను. రెండింటినీ (తూటాలు తీయించాకే) గుడ్డసంచుల్లో పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి ఆయన బెల్టుకు కట్టి, జీపులో కూర్చోమన్నాను. పొడుగుదాని గొట్టం సీటుకు తన్ని, పిడి ఆయన డొక్కలో పొడిచింది. పొట్టిది బుద్ధిగా కూర్చుంది. అదే మంచిదన్నాను.

అర్బాబు జీపు దిగి నన్ను ఎగాదిగా చూశాడు. ఇంత తెలిసినవాడు బట్టలు కుట్టడమేమిటి, తోడేలు దొరికేదాకా తనతో కొండల్లో ఉండాలి, సెలవు సంగతి తర్వాత చూద్దాం అంటూ నా పాస్‌పోర్టు తీసి సొరుగులో వేశాడు. తప్పు చెబితే పోతుందనుకున్న సెలవు, ఒప్పు చెప్పినందుకు పోయింది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆ వెక్కిళ్ళ మధ్యే నిజం బయటపడింది.

"అర్బాబ్, బందూక్ నై మాలూమ్. కమర్ మాలూమ్." తుపాకీ తెలియదు, నడుము తెలుసు.

ఆయన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, ఇంటి దగ్గర ఎవరున్నారని మొదటిసారి అడిగాడు. చెప్పాను. సంతకం పెట్టాడు. (ఒర కుట్టాకే కదలమన్నాడు, అది వేరే సంగతి.)

ఇంటికి వెళ్తే నా కూతురు నన్ను చూసి జడుసుకుని తల్లి కొంగు పట్టుకుంది. నెల సెలవులో ఇరవై రోజులు ఆ కొంగు వదల్లేదు. ఆ తర్వాత ఓ రోజు తనంతట తనే వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. కదిలితే లేచిపోతుందేమోనని కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు. మనవలు అడక్కుండానే మీదకెక్కి తొక్కే ఈ వయసులో, అలా బిగుసుకుని కూర్చున్న ఆ కుర్ర తండ్రిని తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది.