ఈకలు కట్టని బాణాలు

చిట్టీ, నువ్వు ఇంక లేవని నంద్యాల ఆసుపత్రి నుంచి మీ నాయన ఫోను చేసినప్పుడు, నేను ఆళ్లగడ్డలో మన ఇంట్లో నీకోసం క్యారియర్లో అన్నం సర్దుతూ ఉన్నాను. జ్వరం నోటికి కారం వద్దన్నారని పప్పు చప్పిడిగా వండినాను. ఆయన గొంతు వినగానే తెలిసిపోయింది. అయినా చేతులు వాటి పని అవి చేసినాయి. క్యారియర్ మూత బిగించి గూట్లో పెట్టినాను.

ఇది చదివేవాళ్లకు నేనెవరో తెలియదు, అందుకని చెబుతున్నాను. మేము మేదరవాళ్లం. నేనూ మా ఇంటాయనా చాటలు, గంపలు అల్లుకొని బతుకుతాం. నేను ఐదో తరగతితో ఆపేసినాను, తప్పులుంటే దిద్దుకొని చదవండి. పోయింది నా ఒక్కగానొక్క కూతురు. ఈ వానాకాలం డెంగీ జ్వరం వచ్చి పోయింది. ఆమె వెదురుతో విళ్లు చేసేది, ఏ విల్లుకు తగిన బాణాలు ఆ విల్లుకు కుదిర్చేది, సాయంత్రం పూట నంద్యాలలో ఒక బడి మైదానంలో విల్లు పట్టడం నేర్పేది. ఏడవడానికి నాకు మాటలు అక్కర్లేదు. ఆమె పని ఎట్లాంటిదో చెప్పడానికే మాటలు కావాలి, అందుకే కూర్చున్నాను.

వెదురు మా చేతిలో పుట్టి పెరిగిన వస్తువు. అమావాస్య ముందర నరికిన బొంగుకు పురుగు పట్టదని మా అత్త నాకు చెప్పింది, నేను నా కూతురికి చెప్పినాను. నేను బొంగు చీలిస్తే ఇది చాటకు వస్తుందా, గంపకు వస్తుందా అని చూస్తాను. ఆమె చిన్నప్పటి నుంచి అదే బద్దను తీసుకొని వంచి, వదిలి, మళ్లీ వంచి చూసేది. మొదటి విల్లు నా గంపల బద్దతోనే చేసింది. అది రెండో రోజుకే విరిగింది. ఏడవలేదు, విరిగిన చోట కణుపు ఎట్లుందో చూస్తూ కూర్చుంది.

పెద్దయినాక ఆమె చేసే విల్లు మనిషంత పొడుగుండేది. వీధిలో దాన్ని ఆరబెడితే పక్కింటావిడ రోజూ ఒకటే అడిగేది, ఎవురిని కొట్టేదానికమ్మీ ఇది అని. నా కూతురు తల ఎత్తకుండా, "గోనెసంచిని అత్తా. పాపం, అది తిరిగి కొట్టదు కదా" అనేది. ఆ గోనెసంచి మా పెరట్లో ఇప్పటికీ ఉంది. దాన్నిండా వరిగడ్డి కూరి, మధ్యలో సున్నంతో బొట్టు పెట్టింది.

విల్లు చేయడం కంటే బాణం కుదర్చడం కష్టమని ఆమె చెప్పేది. నాకు మొదట్లో అర్థం కాలేదు. పుల్ల నేరుగా ఉంటే చాలు కదా అనుకున్నాను. అప్పుడు నన్ను పెరట్లో నిలబెట్టి చూపించింది. విల్లు మధ్యలో చెయ్యి పట్టే కర్ర అడ్డం ఉంటుంది, బాణం దాని లోపల నుంచి పోలేదు, పక్క నుంచి పోవాలి. అందుకని వదిలిన క్షణంలో పుల్ల చేపపిల్ల మాదిరి ఒళ్లు వంచి, కర్రను తప్పించుకొని, మళ్లీ నేరుగా కావాలి. మరీ గట్టి పుల్లయితే వంగదు, కర్రకు ఒరుసుకొని ఎడమకు పోతుంది. మరీ మెత్తనిదైతే ఎక్కువ వంగి కుడికి పోతుంది. ఒక విల్లుకు గట్టిదైన పుల్ల ఇంకో బలమైన విల్లుకు సరిగ్గా కుదరవచ్చు. "బాణం మంచిదా కాదా అని అడగద్దు మా, ఏ విల్లుకు అని అడుగు" అనేది. ఆ మాట మా ఇంట్లో పెళ్లి సంబంధాలకు కూడా వాడుకున్నాం. ఆమెకు చూసిన ఒక సంబంధం గురించి వాళ్ల నాయన పిల్లోడు మంచోడే అంటే, "ఏ విల్లుకు నాయనా?" అనింది. ఆయన నవ్వలేక నవ్వినాడు.

ఆమె పని చేసే తీరు చెబుతాను. ముందు పుల్లను కుంపటి మీద వేడి చేసి వంకరలు తీసేది. తర్వాత పలకకు కొట్టిన రెండు మేకుల మీద దాన్ని పెట్టి, మధ్యలో తూకంరాయి వేలాడదీసి, ఎంత వంగుతుందో చూసి జోడు పెట్టేది. మొన బిగించేది. ఈకలు మాత్రం చివరికి. సీమకోడి ఈకలు ఏరి పెట్టడం నా పని. ఒక బాణానికి ఒకే పక్క రెక్కవి కట్టాలి, ఎడమ రెక్కవీ కుడి రెక్కవీ కలవకూడదు. ఈకలు కట్టకముందే బోడి పుల్లను కొట్టి చూసేది. ఎందుకంటే ఈకలు తప్పును కప్పేస్తాయి. "ఈకలు లేని బాణం అబద్ధం చెప్పదు" అనేది. బోడి పుల్ల గడ్డిలో ఎటు దిగిందో చూసి, గట్టిదైతే గాజుపెంకుతో సన్నగా గీరి మెత్త చేసేది. గీరేముందు చాలాసేపు ఆగేది. గీరింది మళ్లీ అంటుకోదు కదా.

ఇంకొక అలవాటు ఉండేది. తినకుండా వచ్చినవాళ్లకు విల్లు ఇచ్చేది కాదు. మైదానంలో ఎవరైనా కొత్తగా వస్తే పేరు కంటే ముందు తిని వచ్చినావా అని అడిగేదంట. నేను దాన్ని మర్యాద అనుకున్నాను, మేదరోళ్ల ఇంట్లో వచ్చినవాళ్లకు అన్నం పెట్టినట్టు.

నా కూతురి దినకర్మలు అయిపోయినాక, బేతంచెర్ల నుంచి ఒకామె వచ్చింది. బండలకు పాలిష్ పట్టే షెడ్డులో పని చేస్తుంది, నా కూతురి దగ్గర నేర్చుకుంటూ ఉండేది. డోన్‌లో పోటీ ఉంది. ఆమె కోసం నా కూతురు విల్లు పూర్తి చేసింది, బాణాలు మొనల వరకు చేసింది. ఇంక కొట్టి చూసి ఈకలు కట్టడమే మిగిలింది. అంతలో జ్వరం. ఆ బోడి పుల్లలు గుడ్డలో చుట్టి చూరు కింద అట్లే ఉన్నాయి. నా కూతురి చేతి పని అదే ఆఖరిది.

ఆమె పెరట్లో నిలబడి కొట్టింది. మొదటిది ఎడమకు పోయింది. రెండోదీ ఎడమకే. ఉన్నవన్నీ కొట్టింది, అన్నీ సున్నం బొట్టుకు ఎడమ పక్కనే దిగినాయి.

"గట్టిగుండాయి పెద్దమ్మా. గీరాల" అనింది.

మా ఇంటాయన గాజుపెంకు తెచ్చి ఆమె చేతికి ఇవ్వబోయినాడు. నాకు లోపల ఏదో అడ్డం పడింది. బిడ్డ మీద ప్రేమతో అనుకోకండి. ఒక పుల్ల గడ్డిలోంచి పెరికి మోకాలికి ఆనించి మెల్లగా వంచినాను. నలభై ఏళ్లుగా వెదురు వంచుతున్న చేతులు ఇవి. ఆ విల్లు చేసేటప్పుడు సరి చూసుకోవడానికి నా కూతురు ముందే కుదిర్చి పెట్టుకున్న ఒక బాణం ఉంది, దాన్నీ వంచినాను. రెండూ ఒకే తీరుగా వంగినాయి. నా బిడ్డ మేకుల మీద పెట్టి చూసుకున్నవే ఇవన్నీ. అన్ని పుల్లలు ఒకేసారి తప్పు కావు. నా కూతురు అట్లాంటి పని చేయదు.

"ఇంగోసారి లాగమ్మీ, కొట్టద్దు, ఊరికే లాగు" అన్నాను.

లాగింది. నా కూతురు లాగితే నారి పెదవి మూలకు వచ్చి ఆగేది. ఈమెది గడ్డం దాకా కూడా రాలేదు. అంతకు మించి లాగలేకపోయింది.

"ఏమన్నా తింటివా?"

ఆమె విల్లు దించింది.

"ఎప్పుట్నుంచి?"

"తినబుద్ధి కాలే పెద్దమ్మా. అక్క పోయినప్పట్నుంచి నోట్లోకి పోతల్యా."

"తినకుండా ఆయమ్మి నీకు విల్లు ఇస్తా ఉండెనా?"

"ల్యా" అనింది, కండ్లు తుడుచుకుంటా.

అప్పుడు నాకు తెలిసింది. ఆకలిగా ఉన్న చెయ్యి నారిని పూర్తిగా లాగదు. విల్లు సగమే వంగుతుంది, ఆ సగం బలానికి పుల్ల వంగదు, గట్టిదాని మాదిరి ఎడమకు పోతుంది. తప్పు కడుపుది, నింద బాణానికి. నా కూతురు అడిగింది మర్యాద కాదు, పని. కాదు, రెండూ.

నేను పొయ్యి ముట్టించబోతుంటే వెనక నుంచి మా ఇంటాయన మెల్లగా అన్నాడు, "ఆ యమ్మిని అడిగితివి సరే. నువ్వెప్పుడు తింటివి?"

నేను పొయ్యిలోకి కట్టెలు ఎగదోసినాను. టీ తప్ప నా కడుపులోకి ఏమీ పోవడం లేదని ఆయన చూస్తూనే ఉన్నాడన్నమాట. జొన్నరొట్టెలు కాల్చినాను, వంకాయ కూర చేసినాను, చెనిక్కాయల పొడి నూరినాను. ముగ్గురం కింద కూర్చొని తిన్నాం. కారం బాగా వేసినాను. ఆమె మూడో రొట్టెకు తనే చెయ్యి చాచింది. నేను కూడా తిన్నాను. అన్నం వదిలేస్తే బిడ్డకు ఏదో ఇచ్చినట్టు అనుకుంటూ ఉన్నాను అప్పటిదాకా.

ఎండ దిగినాక మళ్లీ నిలబడింది. నారి పెదవి మూలకు వచ్చింది. వదిలింది. పుల్ల చేపపిల్ల మాదిరి ఒళ్లు విదిలించి పోయి సున్నం బొట్టులో దిగింది. మిగతావీ దాని పక్కనే దిగినాయి. ఒకటి మాత్రం కొంచెం ఎడమకు పోయింది. అది నిజంగానే గట్టిది. దాన్ని ఆమె గాజుపెంకుతో రెండు మూడు సార్లు గీరింది, అంతే, చాలింది. పొద్దున్నే అన్నీ గీరి ఉంటే నా కూతురి ఆఖరి పని పొయ్యిలోకి తప్ప దేనికీ పనికొచ్చేది కాదు.

ఈకలు నేనే కట్టినాను, ఒకే పక్క రెక్కవి. గూట్లో క్యారియర్ ఉంది. ఆ రోజు అన్నం ఎవరు పారబోసినారో, ఎవరు తోమి పెట్టినారో తెలియదు. దాన్నిండా రొట్టెలు పెట్టి ఆమెతో డోన్‌కు పంపినాను. అక్కడ ఎన్నో స్థానం వచ్చిందని నేను అడగలేదు. బాణాలు నేరుగా పోయినాయి పెద్దమ్మా అని ఫోన్లో చెప్పింది. క్యారియర్ ఖాళీ చేసిందా అని అడిగినాను. చేసిందంట.

ఒక్క పుల్లకు మాత్రం నేను ఈకలు కట్టలేదు. ప్రతి విల్లుకూ ఒకటి అట్లా బోడిగా ఉంచుకోవాలని నా కూతురు చెప్పేది, ఎప్పుడైనా నిజం తెలుసుకోవాలంటే. అది మా చూరు కింద, నేను సగం అల్లి ఆపేసిన చాట పక్కన ఉంది. పొద్దున గాలికి కొంచెం కదులుతుంది. దాన్ని చూసి నేను పొయ్యి ముట్టిస్తాను.

మీరు కూడా ఈ పూట కడుపు నిండా తినండి.