డేరా గుడ్డ పరదా

మూడేళ్ల కిందట మా ఆయనా నేనూ కాళేశ్వరం వెళ్లి, తిరుగుదారిలో మహదేవపూర్ అవతల అడవి అంచున ఉన్న ఒక పాత బంగళాలో దిగాం. ఎప్పుడో దొరలు వేటకూ, అడవులు కొలవడానికీ వచ్చినప్పుడు ఉండటానికి కట్టిన బంగళా అది. ఇప్పుడు ఎవరో కొని, ఆరు గదుల హోటలు చేశారు. మా గదిలో ఒక గోడ నిండా పాత అడవి మ్యాపు ఉంది. మడత మంచం, తోలు పట్టీల పెట్టె, ఇత్తడి దిక్సూచి, కందిలి కూడా ఉన్నాయి. కిటికీలకు డేరా గుడ్డతో కుట్టిన పరదాలు.

వరండాలో ఫొటోలు వేలాడదీశారు. టోపీలు పెట్టుకున్న దొరలు కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ల వెనక గొలుసులూ గుంజలూ మోసే మనుషులు నిలబడ్డారు. ముందు వరుస పేర్లు కింద రాసి ఉన్నాయి, వెనక వరుసవి లేవు. ఆ వెనక ముఖాల్ని నేను ఒక్కొక్కటే చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. మా బాపు వాళ్లలో ఉండే వీలే లేదు. అవి ఆయన పుట్టకముందు తీసినవి. అయినా చూశాను.

బాపు భూపాలపల్లి అడవుల్లో బొగ్గు కోసం వెతికే సర్వే పార్టీలో గొలుసు పట్టే కూలీ. నాకు ఆరేళ్లప్పుడు, వానాకాలంలో, ఇంటి నుంచి క్యాంపుకు వెళుతూ ఒర్రె దాటబోయి కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. దొరకని మనిషికి కర్మ చేయడానికి మా అమ్మ, అవ్వ అంటాం, ఒప్పుకోలేదు. బొట్టూ తీయలేదు, గాజులూ తీయలేదు.

జనగామకు తిరిగొచ్చాక, మా ఇంట్లో ఖాళీగా ఉన్న వెనక గదిని అచ్చం ఆ హోటలు గదిలా చేయాలని పట్టుబట్టాను. అందంగా ఉంటుందనే మా ఆయనతో అన్నాను. నాకూ అంతే అనిపించింది. ఆయనది ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు. పాత జిల్లా మ్యాపు ఒకటి సంపాదించి, గోడంత బట్ట మీద అచ్చు వేసి, టీ డికాషన్‌లో ముంచి ఆరేసి పాతబడినట్టు చేశాడు. మడత మంచం వడ్రంగి చేత చేయించాం. పెట్టె, కందిలి, పరదాల గుడ్డ మాత్రం మహబూబాబాద్‌లో స్టేషన్ దగ్గరి పాత సామాన్ల దుకాణంలో దొరికాయి. ఆ గుడ్డ ఒకప్పుడు పచ్చటిది. వెలిసి బూడిద రంగుకు తిరిగింది. అక్కడక్కడా అతుకులు. రెండుసార్లు ఉతికినా తడి వాసన పోలేదు.

గది బాగా వచ్చింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నేను బడి నుంచి వచ్చి మధ్యాహ్నాలు అక్కడే కూర్చుని పిల్లల పేపర్లు దిద్దేదాన్ని. వారం తిరగకముందే నాకొక అలవాటు మొదలైంది. దిద్దుతూ దిద్దుతూ తలెత్తి మంచం వైపు చూసేదాన్ని. ఎవరో అప్పుడే లేచి బయటికి వెళ్లినట్టు మంచం గుడ్డ మధ్యలో కొంచెం కుంగి కనిపించేది. కొత్త గుడ్డ, సాగుతుందిలే అనుకునేదాన్ని. కొన్నాళ్లకు పేపర్లు వంటింట్లోకి తెచ్చుకున్నాను.

ఆ చలికాలం అవ్వ కంటి ఆపరేషన్‌కని టేకుమట్ల దగ్గరి మా ఊరి నుంచి వచ్చింది. రెండు కళ్లకూ బాగా శుక్లాలు ముదిరాయి. చేయి పట్టుకుని నడిపించాలి. ఖాళీగా ఉన్నది ఆ గది ఒక్కటే. గుమ్మం దగ్గరికి రాగానే అవ్వ ఆగిపోయింది.

"గీ అర్రల మీ బాపు వాసనొస్తుంది బిడ్డా," అంది.

నేను ఏదో చెప్పి మాట మార్చాను. పాత గుడ్డ, ఎండ తగలక అట్లా ఉందన్నాను. అవ్వ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ మంచం మీద పడుకోలేదు. పక్కన చాప పరుచుకుంది. మంచం కింద చెంబుతో నీళ్లు పెట్టుకుంది. నీళ్లు తన కోసమేనని నేననుకున్నాను. పొద్దున చూస్తే చెంబు నిండుగానే ఉండేది. ఆ నీళ్లు పారబోసి మళ్లీ నింపేది.

దవాఖానలో ఒక కంటికి ఆపరేషన్ అయింది. మరునాడు కట్టు విప్పారు. ఇంటికి తెచ్చాక అవ్వ నేరుగా గదిలోకి వెళ్లి, మ్యాపునూ పెట్టెనూ చూడకుండా కిటికీ దగ్గరికి నడిచింది. పరదా చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి, ఒక అతుకు మీద వేళ్లు పోనిచ్చింది.

"ఈ కుట్టు నాదే."

క్యాంపులో డేరాలు చినిగితే బాపు ఇంటికి మోసుకొచ్చేవాడనీ, అవ్వ దబ్బనంతో కుట్టి ఇచ్చేదనీ నాకు అప్పటిదాకా తెలియదు. ఇట్లాంటి అతుకులు ఎవరైనా వేస్తారని అన్నాను.

"ఎవ్వలైనా ఏస్తరు. గని మూలకాడ రెండుమాట్ల తిప్పి, ముడి లోపటికి గుంజుడు నాదే. మా అవ్వ నేర్పింది."

ఆ ఆదివారం మహబూబాబాద్ వెళ్లి దుకాణం ఆయన్ని అడిగాను. వేలంలో మోపుల కొద్దీ కొన్న గుడ్డల్లో అదొకటనీ, ఎక్కడిదో తనకు తెలియదనీ చెప్పాడు. నిజమో కాదో తేల్చుకునే దారి అక్కడితో మూసుకుపోయింది. అవ్వకు అదే చెప్పాను. విని తలూపింది. తనకు దుకాణం మాట అక్కర్లేదు.

నాలుగు రోజులు పరదా పక్కనే కూర్చుంది. ఐదో రోజు మధ్యాహ్నం నేను కంట్లో చుక్కలు వేస్తుంటే, పైకి చూస్తూనే చెప్పింది.

"ఆ దినం ఒర్రె పొంగింది. ఇయ్యాల ఆగుత అన్నడు మీ బాపు. నాగ పెడితే పనికెల్లి తీసేస్తరని నేనే పొమ్మన్న. డేరా గూడ అప్పుడే కుట్టిచ్చిన. నెత్తిమీద బెట్టుకొని పోయిండు."

ఇన్నేళ్లూ అవ్వ కర్మ ఎందుకు వద్దందో అప్పుడు అర్థమైంది. తిరిగొస్తాడన్న ఆశ కాదు అది. తనే పంపిన మనిషిని తనే సాగనంపలేక. నీ తప్పేం లేదని చెప్పబోయాను. ఆ మాట నా నోట్లోనే చప్పగా తోచి, రెండో చుక్క వేశాను.

రెండో కన్ను కూడా అయ్యాక తనే అడిగింది, కాళేశ్వరం తీసుకుపోతావా అని. బాపుకు కొడుకులు లేరు కనుక మా ఆయన పిండాలు పెట్టడానికి కూర్చున్నాడు. గుడ్డను గోదారిలో వదిలేద్దామా అంటే అవ్వ వద్దంది. నీళ్లల్లకు నేను మళ్ల పంప, అంది. కర్మ చేయించే అయ్యగారు, చనిపోయినాయన పేరు అడిగాడు. పెనిమిటి పేరు అవ్వ ఎన్నడూ పలకదు కనుక నేను నోరు తెరిచాను. నాకంటే ముందే అవ్వ చెప్పింది. బడిలో హాజరు పిలిచినంత గట్టిగా, ఇంటిపేరుతో సహా.

గుడ్డను అవ్వ తనతో ఊరికి తీసుకుపోలేదు. ఈ గదిలోనే ఉండనీ అంది. బొట్టు మాత్రం ఇప్పటికీ పెట్టుకుంటుంది, ఎవరూ ఏమీ అనలేదు. చెకప్‌కు వచ్చినప్పుడల్లా ఆ గదిలోనే దిగుతుంది. చిక్కుడుకాయలు ఒలుస్తూ తక్కువ గొంతుతో మాట్లాడుతుంటుంది, మధ్యమధ్యలో జవాబు కోసం ఆగినట్టు ఆగుతుంది. నేను వంటింట్లో పేపర్లు దిద్దుకుంటూ వింటాను. ఆ ఆగిన చోట్ల నా పెన్ను కూడా ఆగుతుంది.