తట్టి చూశాకే లోపలికి

నస్పూర్ కాలనీ క్వార్టర్‌లో కోమలకున్నది ఒకటే కంప్యూటరు, అదీ పాతది. పగలు దాని మీద నిర్మల్ కొయ్యబొమ్మల డబ్బాల కోసం రంగుల చిత్రాలు గీస్తుంది. సాయంత్రం ఆరు కాగానే కుర్చీ బాపుది. ఆమె తండ్రి బుచ్చిరాములు ముప్పయ్యేళ్లు బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేశాడు. రిటైరయ్యాక ఆయాసంతో గడప దాటడం తగ్గింది. కంప్యూటర్‌లో కార్ల పందెం ఆడే ఆ గంటే ఆయన నవ్వు ఇంట్లో వినబడుతుంది.

ఆ కంప్యూటర్‌లోని విండోస్‌కు కాలం చెల్లింది. కొత్తదాన్ని ఆ పాత పెట్టె మోయలేదు. దాని బదులు ఉచితంగా దొరికే లైనక్స్‌కు మారదామంటే అందులో పదుల రకాలు. కోమల తన చిత్రాలను వేరే డిస్కులో దాచి, ఆటలకు పేరున్న రకం ఎక్కించింది. కార్లు దూసుకుపోయాయి గానీ, డిజిటల్ పెన్ను ఎంత నొక్కినా గీత ఒకే మందంలో వచ్చింది. నెమలి ఈక ఇనుప తీగలా తయారైంది. అది తుడిచేసి చిత్రకారులు మెచ్చేది ఎక్కించింది. పెన్ను దారికొచ్చింది. కార్లు ఆగి ఆగి కదిలాయి.

"గిదే ఉండనియ్ బిడ్డా. నాకు ఆట మీద యావ పోయింది," అన్నాడు బాపు, జాయ్‌స్టిక్ వైరు చుట్టి డబ్బాలో పెడుతూ.

"యావ పోయినోడు ఆరుగాంగనే గడియారం దిక్కు ఎందుకు చూస్తుండో," అంది వంటింట్లోంచి తల్లి సమ్మవ్వ.

కోమల మళ్లీ తుడవడానికి కూర్చుంది.

"ప్రతిసారి మొత్తం తుడుసుడేంది?" అన్నాడు బుచ్చిరాములు. "బాయిల పని మొదలువెట్టే ముందు మేము కట్టెతోని పైకప్పు కొట్టి చూస్తుంటిమి. డొల్ల సప్పుడొస్తే అడుగు పెట్టకపోదుము. దీనికి గట్ల లేదా?"

ఉంది. కంప్యూటర్‌లో ఏదీ తుడవకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. ఎక్కించే ముందు నడిపి చూస్తారా అని తెర మీద అడిగిన ప్రతిసారీ కోమల తొందరలో దాటేసింది.

"ఉంది బాపు."

"మరి నువ్వు బాయి పని చేసినోని బిడ్డవేనా?"

మర్నాడు పెన్‌డ్రైవ్ నుంచే ఒక్కొక్కటీ నడిపి చూశారు. మూడోది ఫెడోరా అనే రకం. ఈక కొన సన్నగా మొదలై, నడుమ లావై, మళ్లీ సన్నబడింది. కోమల ఆటను కూడా అందులోకి దించి కుర్చీ ఖాళీ చేసింది. బాపు వైరు విప్పుకొని కూర్చున్నాడు. మూడు చుట్లలో కార్లు ఎక్కడా ఆగలేదు.

"అందరికంటే ఎనుక వచ్చిన," అన్నాడు.

"రోజూ గంతేగద బాపు."

"అయితే సక్కగనే నడుస్తుంది. ఎక్కియ్."