సోలెడు తవుడుకు అమ్మిన పిల్ల

నా చిన్నప్పుడు, అంటే పదకొండేళ్లు నిండేదాకా, సర్కారు కాగితాల్లో నేను పక్కింటి వాళ్ల పిల్లను. ఈ సంగతి నాకు తెలియదు. మా నాయనకూ తెలియదు. తెలిసిన ఒకే ఒక్క మనిషి మా నాయనమ్మ. ఊరందరి గుట్టూ నాలుగు వాడలకు పంచిపెట్టే ఆ మనిషి ఈ ఒక్క మాట మాత్రం పదకొండేళ్లు కడుపులో దాచుకుందంటే ఎంత భయపడి ఉంటుందో ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడైతే నాకు ఒళ్లు మండింది.

మాది భద్రాచలం పోయే దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట చిన్న ఊరు. ఒక పక్క మిరపతోటలు, ఇంకో పక్క ఇప్పచెట్లు. ఐదో తరగతి కాగానే మా పంతులు నాచేత ఆడపిల్లల హాస్టలు బడికి పరీక్ష రాయించాడు. నేను పాసయ్యాను. అంతవరకు మా ఊరి నుంచి ఏ ఆడపిల్లా బస్సెక్కి చదువుకు పోలేదు. అందుకని ఏదో రాజ్యం గెలిచినట్టు రెండు రోజులు ఎవరి మాటా వినకుండా తిరిగాను. మూడో రోజు ఉత్తరం వచ్చింది. సోమవారంలోగా ఆఫీసు ముద్ర ఉన్న పుట్టిన సర్టిఫికెట్ తెచ్చి చేరాలట. లేకపోతే నా సీటు వరసలో తర్వాతి పిల్లకు పోతుందట.

మంగళవారం నాయనా నేనూ మండలాఫీసుకు పోయాం. ఊరి లెక్కలన్నీ పటేళ్లే రాసిన పాత కాలం నాటి జనన మరణాల రిజిస్టర్లన్నీ అక్కడ ఒక బీరువాలో ఉండేవి. వాటిని చూసే గుమాస్తా సారు ముక్కు చివర కళ్లద్దాలు నిలబెట్టుకుని, నేను శ్రావణంలో పుట్టానని నాయన చెబితే ఆగస్టు పేజీలు మూడుసార్లు తిప్పాడు. మా నాయన పేరు ఎక్కడా లేదు. ఆ నెలలో మా ఊళ్లో పుట్టింది ఒక్కతే ఆడపిల్ల. తల్లిదండ్రుల గడిలో మా పక్కింటి పెద్దనాయన, పెద్దమ్మల పేర్లున్నాయి. సారుకు ఏదో అనుమానం వచ్చి పేజీలు వెనక్కి తిప్పాడు. ఒకచోట వేలు పెట్టి ఆగి, కళ్లద్దాల మీదుగా మా నాయనను చూశాడు.

"ఇదేందయ్యా! ఈమెకు మార్చిల కొడుకు పుట్టిండు, ఆగస్టుల బిడ్డ పుట్టింది. ఐదు నెలలకే ఇంకో కాన్పా? నా సర్వీసుల గిట్లాంటిది చూడలే."

నాయన నుదురు కొట్టుకున్నాడు. "ఇది మా అమ్మ చేసిన పని సారు" అన్నాడు.

నాయనకు విషయం వెలిగింది కానీ నాకు వెలగలేదు. నాకు వేరే భయం పట్టుకుంది. ఎందుకంటే మా అమ్మ నన్ను ఎన్నడూ "నా బిడ్డ" అనేది కాదు. ఎవరైనా ఈ పిల్ల నీదేనా అంటే "పక్కింటోళ్ల బిడ్డ, నా దగ్గర పెరుగుతున్నది" అనేది. నేను దాన్ని పరాచికం అనుకునేదాన్ని. ఇప్పుడు సర్కారు వారి రిజిస్టరు కూడా అదే మాట అంటోంది. తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని, చివరికి ఉండబట్టలేక, నేను ఎవరి బిడ్డనని నాయననే అడిగేశాను. ఆయన ముందు నవ్వాడు. నా కళ్లు చూసి నవ్వు ఆపేసి మొత్తం చెప్పాడు.

నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిటిలోనే పోయారు. అలా పిల్లలు దక్కని ఇళ్లలో ఒక ఆచారం ఉంది. పుట్టిన పిల్లను చేటలో పడుకోబెట్టి పక్కింటి వాళ్లకు తవుడుకు అమ్మేస్తారు. అమ్మిన పిల్ల మనది కాదు కాబట్టి మృత్యువు మన ఇంటికి వచ్చినా దానికి ఏమీ దొరకదు. ఆ తర్వాత పిల్లను సాకేది కన్నతల్లే, కానీ పరాయి పిల్లను సాకినట్టు సాకాలి. నన్ను పెద్దమ్మ సోలెడు తవుడు పెట్టి కొన్నది. అందరూ అక్కడితో ఆగుతారు, మా నాయనమ్మ ఆగలేదు. పుట్టినవాళ్లను రాసుకోవడానికి పటేలు మనిషి వస్తే, మా ఇంట్లో ఎవరూ పుట్టలేదు, పక్కింట్లో పుట్టిందని చెప్పి రాయించింది. చిత్రగుప్తుడు కూడా పటేలు బుక్కు చూసే రాసుకుంటాడని ఆమె నమ్మకం.

గుమాస్తా సారు మంచివాడు. మేం ఆఫీసు నుంచి కదిలే ముందే, తప్పు దానంతటదే బయటపడుతోంది కాబట్టి దిద్దవచ్చన్నాడు. శుక్రవారం ఆఫీసరు ఉంటాడు, రెండిళ్ల తల్లిదండ్రులూ వచ్చి ఆయన ముందు చెప్పాలి. ముఖ్యంగా కన్నతల్లి తన నోటితో, ఈ పిల్ల నా బిడ్డ అని చెప్పి వేలిముద్ర వెయ్యాలి. నాయన ఇంటికొచ్చి ఈ మాట చెప్పాడు.

ఆ మాట పైకి అంటే మృత్యువు వింటుందని నాయనమ్మ ససేమిరా అంది. అమ్మ అరవలేదు, వాదించలేదు. "సదువు లేకుంటె ఏంది, పిల్ల కండ్ల ముందట ఉంటె చాలు. రాతల ఎట్లున్నదో గట్లనే ఉండనియ్యిరి" అని పొయ్యి దగ్గరకు పోయింది. నేను ఏడ్చాను. అన్నం మానేశాను. పంతులు వచ్చి గంటసేపు బోధించాడు, ఇవన్నీ మూఢనమ్మకాలన్నాడు. ఆయన ఎంత బాగా బోధిస్తే అమ్మ అంత గట్టిగా నన్ను దగ్గరకు లాక్కుంది. ఇద్దరు పిల్లలను మట్టిలో పెట్టిన మనిషికి బోధలు ఎక్కుతాయా? బుధవారం అలా గడిచిపోయింది.

గురువారం పొద్దున్నే పక్కింటి పెద్దమ్మ చేట చంకలో పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఆమె సంతలో బేరానికి దిగితే అమ్మేవాళ్లు కొట్టు కట్టేసే రకం. వచ్చీ రాగానే నాయనమ్మ ముందు చతికిలబడింది.

"అత్తా, పదకొండేండ్ల కింద గీ పిల్లను నేను కొన్న. ఇప్పుడు అమ్ముదామనుకుంటున్న. కొంటె మీరు కొనుండ్రి, లేకుంటె వేరే బేరం చూసుకుంట. రెండు కోడిపెట్టలు, కుంచెడు ఇప్పపువ్వు."

నాయనమ్మకు ఒక బలహీనత ఉంది. ధర ఎక్కువ చెబితే సహించలేదు. చుట్ట పక్కన పెట్టి లేచి కూర్చుంది. "రెండు పెట్టలా? నువ్వు పెట్టింది సోలెడు తౌడే గద!"

"తౌడు గప్పటి ధర. ఇప్పుడు పిల్ల పరీక్ష పాసయింది."

"పాసయితె? బక్కగ బొక్కలు తేలి ఉన్నది చూడు. పొద్దెక్కినదాక లేవదు. బిందెడు నీళ్లు తేదు."

"నోరు గూడ ఎక్కువనే" అన్నాడు నాయన. ఆయనకు అప్పటికే సంగతి అందింది. నాకు మాత్రం అందలేదు. నా సొంత నాయనమ్మ, నా సొంత నాయన, వాడకట్టు అంతా వింటుండగా నా వంకలు ఒక్కొక్కటే ఏకరువు పెడుతుంటే ఏడుపు మరిచిపోయి కోపంతో నిలబడ్డాను. జనం పోగయ్యారు. కొందరు నా తరఫున ధర పెంచారు, కొందరు తగ్గించారు. పెద్దమ్మ రెండుసార్లు నా రెక్క పట్టుకుని వెళ్లిపోబోయింది, నాయనమ్మ రెండుసార్లు వెనక్కి పిలిచింది. చివరికి ఒక్క నల్లపెట్ట, సోలెడు ఇప్పపువ్వుకు బేరం తెగింది. ఆ పెట్ట గుడ్లు పెట్టడం ఎప్పుడో మానేసిందని నాయనమ్మకు తెలుసు. గెలిచిన సంతోషంలో నన్ను చేత్తో పట్టి తన పక్కకు లాక్కుని, "ఇగ నువ్వు మేం కొనుక్కున్న పిల్లవు" అంది.

అప్పుడు పెద్దమ్మ, గడపలో నిలబడి ఉన్న అమ్మ వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "చెల్లె, సావుకు హక్కు కన్నపిల్ల మీద గద. కొనుక్కున్న పిల్ల జోలికి ఎట్ల వస్తది? ఊరంత సాచ్చెం ఉన్నది" అంది. అమ్మ లోపలికి వెళ్లి, మర్నాటి ప్రయాణానికి నా గౌను ఉతకడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ ఆ నల్లపెట్టనే కోసి కూర వండి రెండిళ్ల వాళ్లనూ కూర్చోబెట్టింది. నా ఖరీదును నేనే రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. ముదురు పెట్ట, పళ్లకు పని పడింది, అయినా అంత రుచిగల కూర మళ్లీ తినలేదు.

శుక్రవారం అందరం బస్సెక్కాం. పెద్దనాయన బొగ్గుబావిలో షిఫ్టు మార్చుకుని వచ్చాడు. ఆఫీసరు ముందు పెద్దమ్మ తాను కనలేదని గడగడా చెప్పేసింది. తర్వాత ఆయన అమ్మను అడిగాడు, ఈ పిల్ల నీకేమవుతుందని. అమ్మ పెదవులు కదిలాయి, మాట రాలేదు. సోమవారం బడి ఇంక నాకు లేదనుకున్నాను. పెద్దమ్మ మోచేత్తో అమ్మను మెల్లగా పొడిచింది.

"నా బిడ్డ సారు" అంది అమ్మ.

వినపడీ వినపడనట్టు అంది. ఆఫీసరు తల ఊపి రాసుకోబోతుంటే, ఆయన అడగకుండానే మళ్లీ గట్టిగా అంది. "నా బిడ్డనే. నేనే కన్న." ఆ తర్వాత ఆ గదిలోనే ఏడ్చేసింది. నాయనమ్మ పైట నోట్లో కుక్కుకుంది. గుమాస్తా సారు రిజిస్టరు ముందేసుకుని, పాత రాతను కొట్టెయ్యకుండా పక్కనున్న ఖాళీలో సరైన పేర్లు రాస్తే, ఆఫీసరు సంతకం పెట్టాడు. పాత రాత అలాగే ఉందని చూసి నాయనమ్మకు కొండంత ధైర్యం వచ్చింది. సాయంత్రానికి ముద్ర వేసిన సర్టిఫికెట్ నా చేతిలో ఉంది. సోమవారం నేను బడిలో ఉన్నాను.

చదువుకుని నర్సునయ్యాను. అడవి ఊళ్లలో ఎన్నో ఏళ్లు పని చేశాను. సూది వద్దని పిల్లను దాచిపెట్టిన తల్లులను, దవాఖానాకు రానని మంచం పట్టీ పట్టుకున్న ముసలమ్మలను చూశాను. తోటివాళ్లు వాళ్లను కసిరేవాళ్లు. నేను మాత్రం ముందు వాకిట్లో చతికిలబడి, ఆ భయం ఎక్కడిదో అడిగేదాన్ని. పెద్దమ్మ ఆ రోజు అమ్మ భయాన్ని ఒక్క మాట కూడా తప్పు పట్టలేదు. ఆ భయం నడిచిన దారినే వెనక్కి నడిపించి అమ్మను బయటికి తీసుకొచ్చింది. నేను నర్సుగా నేర్చుకున్నవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

అమ్మకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి, నా దగ్గరే ఉంటుంది. కరెంటు మీటరు చూసుకునే మనిషి వచ్చినా, కూరగాయల బండి ఆగినా, నన్ను చూపించి "నా బిడ్డ" అంటుంది. వాళ్లెవరూ అడగరు. పదకొండేళ్లు దిగమింగుకున్న మాట కదా, ఆమెకు ఇంకా తనివి తీరలేదు. నిజం చెప్పాలంటే నాకూ తీరలేదు. చేతిలో పని ఆపి, ప్రతిసారీ వింటాను.