పేరడిగితే పెరుగన్న పెద్దాయన

డాక్టరు చదువు పూర్తయిన మొదటి ఏడాది మనిషికి ఉండే ధీమా, ఆ తర్వాత ఎన్నేళ్ళు వైద్యం చేసినా మళ్ళీ రాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న క్లినిక్‌లో నేను చేరిన రోజుల్లో చుట్టుపక్కల జొన్నచేలల్లో హద్దురాళ్ళు పాతి కాలనీలు వేస్తున్నారు. క్లినిక్ పెద్ద డాక్టరు గారిది. రోగి కుర్చీలో కూర్చునేలోపే రోగం పేరు చెప్పేయడమే గొప్పని నా నమ్మకం. (పెద్ద డాక్టరు గారు ఒక్కొక్కరిని అరగంట ప్రశ్నలు వేస్తుంటే, పాపం వయసు మీదపడింది అనుకునేవాణ్ణి.)

ఒక రోజు ఎల్‌బీ నగర్ వైపు నుంచి ఒక రైతు తన తండ్రిని తీసుకొచ్చాడు. "నాయినకు మతి తప్పింది డాక్టర్ సాబ్. ఒకటడిగితే ఒకటి చెప్తుండు. పొలం ప్లాట్లు చేస్తున్నం, కాయితాలు ఆయన పేరు మీదనే ఉన్నయ్. మతి లేదని జర రాసియ్యండ్రి" అన్నాడు. మోసగాడు కాదు, నిజంగానే దిగులుపడుతున్నాడు. నేను పెద్దాయన్ని పేరడిగాను. "పెరుగా? పొద్దుగాల తిన్న" అన్నాడు. ఈ రోజు ఏ వారమని అడిగాను. "ఎవరమేంది బిడ్డా, ఈ ఊరోళ్ళమే. మీరే కొత్తగ ఒచ్చిండ్రు." వందలోంచి ఏడు తీసేస్తే ఎంతంటే, "ఎడ్లా? మావోడు పోయినేడే అమ్మిండు" అని నిట్టూర్చాడు. ఇంకేం కావాలి? మతి స్థిమితం లేదని చక్కటి దస్తూరితో రాసి, పెద్ద డాక్టరు గారి సంతకానికి పట్టుకెళ్ళాను.

ఆయన చదివి, "మతి తప్పిందని ముందు ఎవరన్నారు?" అని అడిగారు.

"కొడుకండి."

"నువ్వు ఆ మాట విన్నాకే ఆయన్ని చూశావు. ఇప్పుడు మతి శుభ్రంగా ఉందనుకుని ఇంకోసారి చూసిరా. అలాంటి మనిషి ఆ జవాబులు ఎందుకు చెప్తాడో ఆలోచించు."

మూతి ముడుచుకునే వెళ్ళాను. మళ్ళీ పేరడుగుతుంటే అప్పుడు గమనించాను, పెద్దాయన నా పెదవుల వంకే చూస్తూ తల ఒక పక్కకు తిప్పుతున్నాడు. లైటు పెట్టి చూస్తే రెండు చెవుల్లోనూ గులిమి గట్టిగా బిగుసుకుపోయి ఉంది. ఇంకో సంతకం పడి ఉంటే, ఆయన బతికుండగానే ఆయన మాటకు విలువ లేకుండా పోయేది.

అయిదు రోజులు చుక్కలమందు వేయించి, గోరువెచ్చని నీళ్ళతో చెవులు కడిగాను. తర్వాత, "ఇప్పుడు వినపడుతోందా?" అని అరిచాను. "ఎందుకు ఒర్రుతున్నవ్ బిడ్డా, మెల్లగ అడుగు" అన్నాడు. రాసిన కాగితం సంగతి దాచలేక చెప్పేశాను. ఆయన నా భుజం తట్టి, "చెవులు పోయినయని నాకే తెల్వలే, నీకెట్ల తెలుస్తది" అన్నాడు. ఆ వారమే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, బావి ఉన్న మడి మాత్రం అమ్మేది లేదని తేల్చి చెప్పాడట. కొడుకు కృతజ్ఞతతో సొరకాయలు తెచ్చి, "బాగనే చేసిండ్రు సార్. ఇప్పుడు మేం గుసగుసలాడినా ఇంటుండు" అని వాపోయాడు.

పెద్ద డాక్టరు గారు అతనితో, "మా అబ్బాయే కనిపెట్టాడు" అన్నారు. నేను కాదనలేదు. తెల్లకోటు సర్దుకుని, ఎంతో వినయంగా తలవంచి నిలబడ్డాను. ఆ మాట ఊరంతా పాకి, నన్ను వెతుక్కుంటూ జనం రావడం మొదలుపెట్టారు. నా పేరు నిలబడింది నేను చేయని పనికి. అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ రోజు అంత వినయం నటించినవాడికి, పక్కకు తిరిగి పెద్ద డాక్టరు గారికొక నమస్కారం పెట్టాలని మాత్రం తోచలేదు.